సున్నం కొట్టిన దారి

సర్వే సరిగా జరిగిందనడానికి రుజువేమిటన్న ప్రశ్నకు కొలతల శాస్త్రం తరతరాలుగా చెబుతూ వచ్చిన జవాబు ఒకటి కాగా, లేజర్ స్కానింగ్ సాఫ్ట్‌వేర్లు చేతికొచ్చాక సమావేశ మందిరాల్లో స్థిరపడిన జవాబు మరొకటి. పాత పద్ధతిలో, కొలిచిన దూరాన్ని వేరే దారిలో మళ్లీ కొలిచి, రెండు అంకెలకూ వచ్చిన తేడాను సిగ్గుపడకుండా కాగితం మీద పెట్టాలి. కొత్త పద్ధతిలో మాత్రం దీపాలార్పి, వేణునాదం జతచేసిన తొంభై సెకన్ల వీడియో వేసి, సర్వే సాగిన దారి వెంట కెమెరా పక్షిలా తేలిపోతుంటే పెద్దలందరూ తలలూపేదాకా వేచి ఉండాలి. తలలు ఊగినాయంటే కొలత సరిపోయినట్టే.

ఈ ప్రదర్శన మహిమ బోధపడాలంటే అందులోని సామగ్రిని కొంత విప్పి చూడాలి. లేజర్ స్కానర్లలో ఎక్కువ రకాలు సెకనుకు లక్షల కిరణస్పందనలను విసిరి, ఒక్కొక్కటి ఎదుటి వస్తువును తాకి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కగడతాయి. ఆ కాలంలో ఒక నానోసెకను, అంటే సెకనులో వందకోట్లో వంతు, పొరపాటు జరిగితే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా పడుతుంది. ఇలా పోగయిన కోట్లాది చుక్కల రాశిని పాయింట్ క్లౌడ్ అంటారు. వేర్వేరు చోట్ల నిలబడి తీసిన రాశులను ఒకదానికొకటి అతికే పనికి రిజిస్ట్రేషన్ అని పేరు. స్టాంపు కాగితాలతోనూ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంతోనూ దీనికి ఏ సంబంధమూ లేకపోయినా, తప్పు జరిగితే రైతుకు కలిగే తలనొప్పి విషయంలో రెండింటికీ మంచి చుట్టరికమే ఉంది.

ఇక యానిమేషన్ సంగతి. ఆపరేటరు దారి పొడవునా కొన్నిచోట్ల చూపును నిలిపి భద్రపరిస్తే, ఒక చూపు నుంచి మరో చూపుకు జారే మధ్య దశలన్నిటినీ సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పూరిస్తుంది. ఉచితంగా దొరికే క్లౌడ్‌కంపేర్‌లో ఇందుకు రెండు చూపులు ఉన్నా చాలు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తొంభై సెకన్లకు 2,250 ఫ్రేములు అవసరం కాగా, మనిషి ఎంచి పెట్టినవి పన్నెండనుకుంటే తక్కిన 2,238 యంత్రం నడిపిన నడకే. అంతమాత్రాన ఇందులో మోసమేమీ లేదు, ఎందుకంటే కదిలింది చూపే తప్ప చుక్కలు కావు. అసలు చమత్కారం ఆ చూపు ఎక్కడ నడిచిందన్న దాంట్లో ఉంది.

విశాఖపట్నం ప్రాంతంలో హల్వాకు పేరుపడ్డ మాడుగుల బజారు వీధిలో ఒకాయన చేతి స్కానర్ పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడనుకుంటే, హల్వా దుకాణం ముందు ఆగి ఉన్న ఆటో వెనుక గోడ ఆయన కిరణానికి చిక్కదు. పాయింట్ క్లౌడ్‌లో ఆ గోడకు ఇంచుమించు ఆటో ఆకారంలో ఒక కంత ఏర్పడుతుంది. దీన్ని నీడ అంటారు. ఇప్పుడు ఆయన నడిచిన దారిలోనే, ఆయన కంటి ఎత్తులోనే కెమెరాను నడిపితే ఆ కంత కనబడదు, ఎందుకంటే కంతకు కారణమైన ఆటోయే దానికి అడ్డంగా నిలబడి కాపలా కాస్తుంది. దారి వదిలి నాలుగు మీటర్లు పైకి లేచి చూస్తే వీధి పొడవునా గోడలు ఎలుకలు కొరికిన గోనెసంచుల్లా కనిపిస్తాయి. అంటే సర్వే దారి వెంట తీసిన వీడియో, సర్వేలోని లోపం ఏ కోణం నుంచి కనబడదో సరిగ్గా ఆ కోణాన్నే ఏరి కోరి చూపిస్తుందన్నమాట. తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకుని నూటికి నూరు వేసుకున్న విద్యార్థికి రంగస్థల సన్మానం చేయడం ఇంతకంటే వేరు కాదు.

పై అధికారి పర్యటన ఉందంటే కారు వెళ్లే వీధికి మాత్రమే సున్నం కొట్టి, ఆ వీధి గుండానే కారును తిప్పి పంపే పంచాయతీ తెలివితేటలు తెలుగువారికి కొత్తేమీ కాదు. లేజర్ యుగం ఆ విద్యకు అద్దిన మెరుగల్లా, సున్నం కొట్టినవాడికే తాను కొట్టిన సంగతి తెలియకపోవడం.

ఊరు దాటి పొలాల్లోకి వెళితే కథ మరింత రసవత్తరంగా ఉంటుంది. మాడుగుల, చోడవరం ప్రాంతంలో చెరకు బాగా ఎదిగిన రోజుల్లో ఆకాశం నుంచి లేజర్ విసిరితే కిరణాల్లో ఎక్కువ భాగం ఆకుల మీదే తాకి వెనుదిరుగుతుంది. రెండు కుటుంబాలు తరాల తరబడి తగువులాడుకున్న గట్టు ఆ పచ్చదనం కింద ప్రశాంతంగా పడుకుని ఉంటుంది. వీడియోలో మాత్రం ఆ చేను పచ్చని తివాచీలా మెరిసి ప్రేక్షకుల చేత ఆహా అనిపిస్తుంది. పెద్దేరు జలాశయం దగ్గరికొచ్చేసరికి, స్కానర్లు సాధారణంగా వాడే పరారుణ కాంతిని నీరు పీల్చుకోవడమో పక్కకు మళ్లించడమో చేయడంవల్ల తెర మీద నీటికి బదులు నల్లని బిలం మిగులుతుంది. సరిగ్గా అక్కడే దర్శకుడు కెమెరాను లాఘవంగా పైకెత్తి తూర్పు కనుమల సౌందర్యం వైపు తిప్పేస్తాడు. కొండలు ఎవరి సర్వే నంబరులోనూ తగువు పెట్టవు కదా.

కదులుతూ కొలిచే స్కానరుకు మరో జబ్బు కూడా ఉంది. నడిచేకొద్దీ తాను ఎక్కడున్నానన్న దాని అంచనా కొద్దికొద్దిగా జారిపోతుంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. వీధి చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి వచ్చాక, ఆ జారుడును సరిదిద్దకపోతే ఒకే గోడ రెండు గోడలై నాలుగు వేళ్ల ఎడంతో నిలబడుతుంది. ఎదురుగా చూస్తే చుక్కలు రెట్టింపయి గోడ మరింత నిండుగా, మరింత అందంగా కనిపించడం ఇందులోని విషాదం. ఈ జబ్బును పట్టడానికి సాఫ్ట్‌వేర్లోనే స్లైస్ అనే చిన్న పనిముట్టు ఉంది. గోడను అడ్డంగా పలుచగా కోసి, కోసిన ముఖాన్ని చూడటమే దాని పని. గోధుమపాలు, నెయ్యి, పంచదార కలిపి గంటల తరబడి కలియబెట్టిన హల్వా లోపలిదాకా సమంగా ఉడికిందో లేదో తెలియాలంటే ముక్క కోసి చూడాలని మాడుగులలో పిల్లలకూ తెలుసు. బాణలి చుట్టూ కెమెరా తిప్పి వీడియో తీసి, అదే పాకానికి రుజువన్న వ్యాపారి ఆ ఊళ్లో ఒక్క పండగ కూడా నిలదొక్కుకోలేడు.

ఈ ప్రాంతపు నేలకు కొలత సంస్కారం లేదనలేం. 1862-63లో గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే విశాఖపట్నం దగ్గర ఆధారరేఖ కొలిచినప్పుడు వాడిన కోల్బీ కడ్డీలు ఒక్కొక్కటి పది అడుగులు. ఇనుము, ఇత్తడి ఎండకు వేర్వేరుగా సాగుతాయన్న దోషాన్నే ఆసరాగా తీసుకుని, రెండింటినీ జతకట్టి, సాగుదల కొలతలోకి చొరబడకుండా వాటిని తయారుచేశారు. తమ లోపాన్ని తామే ముందుగా వెతికి దానికి మందు కనిపెట్టిన ఆ పనిమంతులకు నేపథ్య సంగీతం అవసరం పడలేదు.

న్యాయంగా చెప్పాలంటే, పటం చదవడం రానివారికి తమ ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూపించడానికి యానిమేషన్ చక్కగా పనికొస్తుంది, అందాకా దానికి దణ్ణం పెట్టవచ్చు. చిక్కల్లా ఆ బొమ్మలాటను కొలత కుర్చీలో కూర్చోబెట్టినప్పుడే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గరి తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచీ డ్రోన్లు, రోవర్లు, తెర మీద కదిలే పటాలు పల్లె జనానికి కూడా పరిచయమైపోయినందువల్ల, ఈ తేడా ఇక నిపుణుల మధ్య ముచ్చటగా మిగలలేదు. కనుక గ్రామసభలో ఎక్కడైనా అలాంటి వీడియో వేస్తే, చప్పట్లకు ముందు దాన్ని ఒక్క క్షణం ఆపమని, కెమెరాను దారి తప్పించి గట్టు మీదికి తెమ్మని, అక్కడ అడ్డంగా ఒక ముక్క కోసి చూపమని రైతులు అడగాలి. తీరిక లేదనేవారికి 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఒక సంగతి చెబుతుంది: నిర్ణయమైన హద్దు మీద సివిల్ కోర్టుకు వెళ్లడానికి అది ఇచ్చిన గడువు మూడేళ్లు, ఆ గడువు మొదలయ్యేది 13వ సెక్షను కింద వెలువడే ప్రకటన తేదీ నుంచి.