భివండి పిలగాడు

నల్లగొండ జిల్లా చేనేత ఇంట పుట్టి, మహారాష్ట్రలో ఠాణే జిల్లా భివండిలో మరమగ్గాల మోత మధ్య పెరిగినవాణ్ని ఊళ్లో భివండి పిలగాడంటారు. షోలాపూర్‌లో పెరిగినా, సూరత్‌లో పెరిగినా, పుణెలో పెరిగినా ఊరి లెక్కలో పెద్ద తేడా లేదు. అవన్నీ బొంబాయి కిందికే వస్తాయి. వీణ్ని గుర్తుపట్టడం తేలిక. “మీదే ఊరు బిడ్డా?” అని అడిగితే జవాబు చెప్పే ముందు, అడిగిందెవరో ఒకసారి చూస్తాడు.

ఇలాంటి పిల్లలకు సమాజశాస్త్రంలో ఒక స్థానం ఉంది. 1950లలో జాన్ యూసీమ్, రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికన్ దంపతులు మన దేశంలో కొలువులు చేస్తున్న అమెరికన్ల మీద పరిశోధనకు వచ్చారు. ఆ ఉద్యోగుల పిల్లలు తల్లిదండ్రుల దేశానికీ, ఉంటున్న దేశానికీ పూర్తిగా చెందకుండా పెరగడం చూసి, ‘థర్డ్ కల్చర్ కిడ్స్’ అనే మాట పుట్టించారు. ఆ మాట అధికారుల పిల్లలకూ, మిషనరీల పిల్లలకూ స్థిరపడిపోయింది. భివండి పిలగాడు అదే కోవలోకి పాస్‌పోర్టు లేకుండా, జనరల్ బోగీలో వచ్చాడు.

ఈ రకం పుట్టుకకు కారణాలు మెట్ట నేలలోనే ఉన్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలను తడిపింది గానీ, మునుగోడు, దేవరకొండ మెట్టల మీదికి ఎక్కలేదు. బోరు వేస్తే పడ్డ నీళ్లలో ఫ్లోరైడ్. మగ్గం మీద నేసిన చీరకు మరమగ్గం చీరతో పోటీ. చివరికి నేతగాడు, ఏ యంత్రం తన కడుపు కొట్టిందో ఆ యంత్రం దగ్గరికే కూలికి పోయాడు. నిజాం కాలంలోనే షోలాపూర్‌కూ బొంబాయికీ దారి వేసిన పద్మశాలీలు ఉండనే ఉన్నారు. చుట్టం ఒకడు భివండి పద్మానగర్‌లో ఉంటే చాలు, వెనక ఊరు కదులుతుంది.

మహబూబ్‌నగర్ వైపు ఇదే జాతిలో మరో రకం కనిపిస్తుంది. దేశంలోని ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు లేబర్ తరువాత బొంబాయి, పుణె భవనాలకు మళ్లింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయిన దంపతుల వెంట పిల్లవాడూ పోయాడు. వాడు పెరిగిన ఇళ్లన్నీ ఇరవై అంతస్తులవే. ఏ ఒక్కదానికీ రంగు వేసేదాకా ఉండలేదు. నారాయణపేట వైపు పిల్లలకైతే కన్నడం, మరాఠీ ఇంటి దగ్గరే చెవిన పడతాయి కనుక, వీళ్లు బస్సెక్కకముందే సగం భివండి పిలగాళ్లు.

భాషల విషయంలో వీడు పని విభజన పాటిస్తాడు. ఎక్కాలు మరాఠీలో, కొట్లాట హిందీలో, అమ్మతో తెలుగు. కాకపోతే ఆ తెలుగు తల్లిదండ్రులు ఊరు విడిచిన రోజు దగ్గరే ఆగిపోయింది. సెలవులకు వచ్చి “అర్రల అంగి ఉన్నది” అంటాడు. సొంత ఊరు చండూరులో ఇంగ్లీషు మీడియం చదివే మేనమామ కొడుకు నవ్వి, “రూమ్‌లో షర్టా?” అని సరిచేస్తాడు. బొంబాయోడు తాత మాట్లాడినట్టు మాట్లాడతాడు, ఊళ్లోవాడు టీవీ మాట్లాడినట్టు మాట్లాడతాడు. ముసలివాళ్లు మాత్రం బొంబాయోణ్నే దగ్గర కూర్చోబెట్టుకుంటారు.

చదవడం దగ్గర కథ మారుతుంది. బొంబాయి, సూరత్ నగరపాలికలు తెలుగు మీడియం బడులు నడిపాయి. అయినా చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని మరాఠీకో, హిందీకో, స్తోమత ఉంటే ఇంగ్లీషుకో పంపారు. ఫలితం నల్లగొండ బస్టాండులో తెలుస్తుంది. నాయనమ్మకు చదువు రాదు, మనవనికి తెలుగు రాదు. బోర్డు కింద నిలబడి ఆమె వీణ్ని అడుగుతుంది, వీడు కండక్టర్ను అడుగుతాడు. “ఏడో తరగతి సదువుతున్నవు, గింత సదవరాదా?” అని ఆయన ఆశ్చర్యపోతాడు. నాయనమ్మ వెంటనే మనవని పరువు కాపాడుతుంది: “వాడు సదివేది పెద్ద సదువు, గిది రాదు.”

భివండిలో వీనికి అసలు హోదా దుబాసీది. పదేళ్లకే రేషన్ దుకాణం, బ్యాంకు, దవాఖానా వీని పరిధిలోకి వస్తాయి. తల్లి ఒంట్లో బాగాలేదని అయిదు నిమిషాలు చెబుతుంది. నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, అత్తగారి మాటలు అన్నీ అందులో ఉంటాయి. వీడు డాక్టరుకు రెండు మాటల్లో “నడుము నొప్పి” అని చెబుతాడు. డాక్టరు మరో అయిదు నిమిషాలు మాట్లాడితే, వీడు తల్లి వైపు తిరిగి, “ఏం లేదంట, గోలీలు ఏస్కోమన్నడు” అంటాడు. “అంతసేపు చెప్పిండు గదరా, గింతేనా?” అని ఆమెకు అనుమానం. ఇద్దరి మధ్య ఎంత పోయిందో వీనికొక్కనికే తెలుసు.

నిద్ర కూడా చప్పుడుకు అలవాటుపడ్డదే. సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రంతా ఆడుతుంటే హాయిగా పడుకుంటాడు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే లేచి కూర్చుంటాడు. ఊళ్లో మొదటి మూడు రాత్రులు వీనికి నరకం. ఆ నిశ్శబ్దానికి భయపడి అటూ ఇటూ దొర్లుతాడు. నాయనమ్మ దిష్టి తీస్తుంది. నాలుగో రాత్రి ఎవరింట్లోనో పెళ్లి డప్పు మోగితే కమ్మగా నిద్రపోతాడు.

తిండి దగ్గర వీనికి ఎక్కడున్నా లేనిదే కావాలి. ఊళ్లో వడాపావ్ కోసం, భివండిలో సర్వపిండి కోసం ఏడుస్తాడు. క్రికెట్‌లోనూ ఇదే సూత్రం. పద్మానగర్‌లో హైదరాబాద్ జట్టు తరఫున అరుస్తాడు, చండూరులో ముంబై తరఫున అరుస్తాడు. రెండుచోట్లా ఒంటరిగానే అరుస్తాడు.

పండగల్లో మాత్రం లాభం వీనిదే. షోలాపూర్‌లో నారళీ పూర్ణిమ నాడు మార్కండేయుని రథం వెంట నడుస్తాడు, చవితికి గణపతి మండలిలో చందాలు రాస్తాడు. సూరత్ శాఖ ఆడపిల్లలకు ఆశ్వయుజంలో ఊపిరాడదు. పొద్దుగూకే వేళ బతుకమ్మ చుట్టూ తిరిగి, రాత్రికి గర్బా చుట్టూ తిరుగుతారు. తొమ్మిదో నాటికి చప్పట్లు అటువి ఇటు, అడుగులు ఇటువి అటు కలిసిపోతాయి. సద్దులు పంచే పెద్దమ్మ అది గమనిస్తుంది గానీ, సత్తుపిండి చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

పేరు విషయంలో వీనికి ఎన్నడూ కొరత లేదు. భివండిలో మొదట మద్రాసీ, తరువాత ఆంధ్రావాలా. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక వీడు కొన్నేళ్లు ఓపికగా ప్రచారం చేశాడు. “తెలంగాణ అంటే ఎక్కడ?” “హైదరాబాద్ ఉన్నచోట.” “అంటే ఆంధ్రాయే కదా!” రైల్లోనూ ఇంతే. వాడి జంక్షన్ దాటేదాకా తెలుగు మాట్లాడి, షోలాపూర్ రాగానే చాయ్ వాణ్ని మరాఠీలో పిలిచే వీణ్ని సాటి ప్రయాణికులు ఏ రాష్ట్రం వాడో తేల్చుకోలేక, చివరికి బిస్కెట్ పెట్టి ఊరుకుంటారు.

పద్దెనిమిదేళ్లు రాగానే ప్రభుత్వాలు కూడా ఈ సందేహంలో పాలుపంచుకుంటాయి. తెలంగాణ కొలువులకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివాడన్నది చూస్తారు. వీడు నాన్‌లోకల్ అవుతాడు. మహారాష్ట్రలో వెనుకబడిన తరగతుల ధ్రువీకరణకు పోతే 1967కు ముందు నుంచీ కుటుంబం అక్కడ ఉన్నట్టు కాగితం అడుగుతారు. అప్పుడు తాత చండూరులో గుంటమగ్గం మీద కూర్చుని ఉన్నాడు. ఒక ఆఫీసుకు వీని బాల్యం పనికిరాదు, ఇంకో ఆఫీసుకు వీని తాత పనికిరాడు.

పెళ్లీడుకు వచ్చాక ఈ లోపాలన్నీ ‘బొంబాయి సంబంధం’ అనే గౌరవంలోకి మారతాయి. లగ్నపత్రిక ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు మరాఠీలో అచ్చవుతుంది. తెలుగు వైపు తప్పులు మరాఠీ చుట్టాలు పట్టలేరు, మరాఠీ వైపు తప్పులు తెలుగు చుట్టాలు పట్టలేరు. రెండూ చదవగలిగినవాడు పెళ్లికొడుకు మామ ఒక్కడే. ఆయన అలిగేందుకు ఇంకేదో కారణం వెతుక్కుంటాడు.

నలభై దాటాక కొందరు వెనక్కి వస్తారు. ఊళ్లో మగ్గం లేదు, భివండిలో సొంత ఇల్లు లేదు కనుక హైదరాబాద్‌లో నల్లగొండ జనం ఎక్కువగా చేరే ఎల్బీనగర్ వైపు దిగుతారు. అక్కడ చీరల దుకాణం పెడితే వ్యాపారం బాగా సాగుతుంది. సూరత్ సేఠ్‌తో హిందీలో బేరమాడతాడు, షోలాపూర్ నుంచి వచ్చిన సరుకు బిల్లు మరాఠీలో చదువుతాడు, దేవరకొండ నుంచి వచ్చిన అవ్వతో ఆమె చిన్నప్పటి తెలుగులో మాట్లాడతాడు. ఆ అవ్వ ధర తగ్గించమనకుండానే రెండు చీరలు కొంటుంది. చిన్నప్పుడు ఎక్కడా పూర్తిగా అక్కరకు రాని మూడు భాషలూ ఈ దశలో బాకీ తీర్చుకుంటాయి.