తెరిచింది యంత్రం, మురిసింది యజమాని

2015లో మిషిగన్ యూనివర్సిటీ కుర్రాళ్లిద్దరు మొదలుపెట్టిన ఈమెయిల్ న్యూస్‌లెటర్ ‘మార్నింగ్ బ్రూ’. స్నేహితుల్ని చేర్పించిన వాళ్లకు స్టిక్కర్లు, కప్పులు పంచి పెంచారు. 2020లో బిజినెస్ ఇన్‌సైడర్ మెజారిటీ వాటా కొన్నప్పుడు దాని విలువ సుమారు 7.5 కోట్ల డాలర్లు!

ఇంకేం, వీధికో న్యూస్‌లెటర్ దుకాణం. ‘మా మెయిల్ సగం మంది తెరుస్తున్నారహో’ అంటూ ప్రకటనదారుల ముందు చాటింపు.

2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ఓ మెలిక పెట్టింది. పాఠకుడు చూసినా చూడకున్నా, తెరిచారో లేదో లెక్కించేందుకు మెయిల్‌లో దాచిన ఆనవాలు బొమ్మను యాపిల్ సర్వరే ముందుగా తెచ్చేసుకుంటుంది. ‘తెరిచిన’ వాళ్ల లెక్క అమాంతం ఉబ్బింది. గురకపెట్టే చందాదారు కూడా శ్రద్ధగల పాఠకుడే మరి!

రోజుకు 5,000 పైచిలుకు మెయిళ్లు పంపేవాళ్లు, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా వదిలించుకునే మీట పెట్టాల్సిందేనన్న హుకుంను 2024లో జీమెయిల్ అమల్లోకి తెచ్చింది. ఆ నొక్కులు మాత్రం అసలైన పాఠకులవే.