ఏ కనెక్షన్ ఎవరిదో తేలకుండా ఆఫీసు నెట్ నడిపే చిట్కాలు

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు పెరిగాయి, కంప్యూటర్లు పెరిగాయి. "నీకు కంప్యూటర్ వచ్చు గదా" అని రౌటర్ మీ నెత్తిన పెట్టారా? భయం లేదు. కింద చెప్పినట్టు చేయండి, కుర్చీ కదలక్కర్లేదు.

1. ముందు శత్రువు సంగతి తెలుసుకోండి. ప్రతి కనెక్షన్‌కూ ఐదు ఆనవాళ్లుంటాయి: పంపే ఐపీ, పంపే పోర్టు, అందుకునే ఐపీ, అందుకునే పోర్టు, ప్రొటోకాల్. ఒకే సైటును రెండు బ్రౌజర్లలో తెరిచినా, ఏ జవాబు దేనికో పోర్టు నంబరు పట్టిచ్చేస్తుంది. ఇంత స్పష్టత సోమరికి చేటు.

2. డీహెచ్‌సీపీ ఎవరి ఐపీ వాళ్లకు తనే పంచిపెడుతుంది. అందుకే దాన్ని ఆపేయండి. అన్ని కంప్యూటర్లకూ 192.168.1.10 అని చేత్తో కొట్టండి. అవి ఒక్క అడ్రసు కోసం కొట్టుకుంటుంటే మీరు చాయ్‌కి వెళ్లండి. "సారూ, నెట్ వస్తలేదు" అంటే "పైనుంచే ప్రాబ్లం" అనండి. పైన అంటే ఎక్కడని ఇంతవరకు అడిగినవాడు లేడు.

3. మ్యాక్ అడ్రసులు రాసిపెట్టకండి. పన్నెండు అక్షరాలు, అందులో మొదటి సగం తయారీ కంపెనీ గుట్టు. స్టాక్ రిజిస్టర్‌లో "కంప్యూటర్లు: ఉన్నవి" అంటే చాలు.

4. కేబుళ్లకు చీటీలు అంటించొద్దు. గద్వాల చీరలో నూలు ఎక్కడ ఆగిందో, పట్టంచు ఎక్కడ మొదలైందో చూడగానే తెలుస్తుంది. మీ స్విచ్ దగ్గర ఎవరికీ ఆ వీలు ఇవ్వకండి. మిగిలిన కేబుల్ రెండు కొసలూ ఆ స్విచ్‌లోనే గుచ్చండి. పాత రకం స్విచ్ అయితే వచ్చిన మాటే గిరగిరా తిరిగి ఆఫీసంతా పడుకుంటుంది. జేసీబీ కేబుల్ తెంపిందనండి. వానాకాలమైతే జూరాల గేట్లెత్తారనండి. దానికీ దీనికీ సంబంధం లేదు, అయినా అందరూ తలూపుతారు.

5. వైఫై పాస్‌వర్డ్ 12345678 అని గోడకు అంటించండి. ఎదురు హోటల్ గిరాకీలు కూడా వాడుకోనీ. బయటి ప్రపంచానికి అందరూ ఒక్క ఐపీగానే కనిపిస్తారు. లోపల ఎవరు ఏం చేశారో రౌటర్‌కే తెలుసు. సాయంత్రం దాన్నీ ఆపేస్తే చాలా వాటికి మతిమరుపే. ఆ రికార్డులు, అంటే లాగ్‌లు, 180 రోజులు దాచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో చెప్పింది. చెప్పనీ.

6. చివరిగా, కనెక్షన్ మీ పేరునే తీసుకోండి. రేపు ఎవడో ఇక్కడినుంచి మోసం చేస్తే పోలీసులు ఐపీ పట్టుకుని కంపెనీని అడుగుతారు, కంపెనీ మీ పేరే చెబుతుంది. మీరు తప్ప అందరూ తప్పించుకుంటారు, మీ ఫొటో మాత్రం జిల్లా ఎడిషన్‌లో పడుతుంది.