కారణాంకాల సార్

తార్నాకలో కొన్ని ఇళ్లకు పిన్‌కోడు 500007, కొన్నింటికి 500017. మనకైతే పార్సిల్ చేరితే చాలు. కారణాంకాల సార్‌కు చాలదు. "మొదటిది 3 ఇంటూ 166669. ఆ పెద్దది ప్రైమ్, ఇక పగలదు. రెండోది 7 ఇంటూ 61 ఇంటూ 1171. అద్దెకు దిగేముందు ఇవి చూసుకోవద్దూ?" అంటారు. వాస్తు చూసేవాళ్లంటే మాత్రం ఆయనకు ఒళ్లు మంట.

లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడక. యూనివర్సిటీ పుట్టిన 1918నీ, ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచిన 1939నీ 7 నిశ్శేషంగా భాగిస్తుందని ఎదురైనవాళ్లందరికీ చెబుతారు. పాపం, వాళ్లు నడక వేగం పెంచుతారు. ఆరోగ్యానికి అదీ మంచిదే.

ఆయన ముందు 1729 ఊసెత్తకూడదు. "లోకమంతా హార్డీ ఎక్కిన టాక్సీలోనే కూర్చుంటే ఎలాగయ్యా?" అని కసురుతారు. ఆయన ప్రాణం 18446744073709551615 మీద. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తం అది. పావులూరి మల్లన గణితంలోదిగా చెప్పే ఒక పద్యం ఈ సంఖ్యను మాటల్లో దాచింది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. మన ఛాయ్ చల్లారేదాకా పద్యం అప్పజెప్పి, అప్పుడు అసలు సంగతికొస్తారు. ఇరవై అంకెల ఆ సంఖ్య ఏడు ప్రైముల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65537, 6700417. 641 దగ్గర ఆయన గొంతు పడిపోతుంది. 4294967297 ప్రైమేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ వచ్చి అది 641 ఇంటూ 6700417 అని తేల్చేశాడు. "అంతటివాడు ఫెర్మా!" అంటారు, పక్కింటివాళ్ల చీటీ మునిగిందని చెప్పినంత బాధగా.

మొన్న బిర్యానీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి, "ఓటీపీ చెప్పుండ్రి సార్" అన్నాడు.

"47 ఇంటూ 101. కట్టుకో."

కుర్రాడు క్యాంపస్ హాస్టల్ బాపతు. రెప్ప వెయ్యకుండా 4747 కొట్టాడు. "రెండంకెలు రెండుసార్లు రాస్తే 101తోని పోవుడే గద సార్. మీ బిల్లు 17 ఇంటూ 23. క్యాష్."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఐదు వందల నోటిచ్చి, చిల్లర కోసం జేబులు వెతుకుతున్న వాణ్ణి ఆపారు. "మిగిలేది 109. ప్రైమ్. దాన్ని విడగొట్టలేం, నువ్వే ఉంచుకో."

లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది: "ఆ బిల్లేదో ఒక్క రూపాయి తగ్గినా యాభై ఐదు ఇంటికొచ్చేవి!"