సముద్రానికీ ఒక వేళ ఉంది

ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మంగినపూడి వచ్చి, "ఇదేం బీచండీ, అంతా బురద" అని మూతి విరిచే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బెజవాడ నుంచి 80 కిలోమీటర్లు పనిగట్టుకుని కారేసుకుని వస్తారు. దిగీ దిగకముందే సెల్ఫీలు మొదలు. కారు తలుపులు బార్లా తెరిచి పాటలు హోరెత్తిస్తారు. బజ్జీలు తిన్న కాగితాలూ, తాగిన సీసాలూ అక్కడే పారేసి, నీళ్ళలో ఓ గంట గంతులేసి వెళ్ళిపోతారు. ఊరెళ్ళి సముద్రం చూసొచ్చాం అని చెప్పుకుంటారు. ఏం చూశారు నాయనా? నడినెత్తిన ఎండ పడే వేళకి పీతలు కలుగుల్లో దూరి ఉంటాయి. ఇసుక కాలు మోపనివ్వదు. గాలి మొహాన కొడుతుంది. చూడాల్సినదంతా ఆరు గంటల ముందే అయిపోయింది.

బురద అంటారు గానీ, ఆ నల్లమట్టి ఎక్కడిదనుకున్నారు? ఈ డెల్టా అంతా కృష్ణమ్మ ఏళ్ళ తరబడి మోసుకొచ్చి పోసిన ఒండ్రే. మనం తినే అన్నం పండేదీ ఆ మట్టిలోనే. విశాఖలో ఉన్నట్టు లేదని మా మంగినపూడిని తీసిపారేస్తే నేను ఊరుకోను.

మా రోజుల్లో సముద్రానికి వెళ్ళాలంటే ముందు పంచాంగం చూసేవాళ్ళు. బందరులో మా ఇంట్లో గంటల పంచాంగం దూలానికి వేలాడుతూ ఉండేది. రాత్రి పడుకోబోయే ముందు నాన్న తిథి చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి, "రేపు నాలుగున్నరకే లేవాలిరా" అనేవాడు. ఆ లెక్క నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. చంద్రుడు రోజుకి సుమారు రెండు ఘడియలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పోటు కూడా ఆయన వెనకాలే రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. నిన్న పోటు ఎప్పుడొచ్చిందో తెలిస్తే రేపటి సంగతి చెప్పొచ్చు. అమావాస్యకీ పున్నానికీ నీళ్ళు బాగా పైకొచ్చి బాగా లోపలికి పోతాయి. అష్టమి దగ్గర ఆ ఊపు ఉండదు. మంగినపూడి ఒడ్డు పెద్దగా వాలు లేనిది కాబట్టి పాటు వేళ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. ఆ తడి నేల మీద చెప్పుల్లేకుండా నడవడమే మా నడక. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ పోటు పాటుల వేళలు దొరుకుతాయట. చూసేవాడేడీ? ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడు రావడం, ఎదురుగా ఏది ఉంటే అందులోకి దిగడం. ప్రతి ఏటా ఎక్కడో ఒక ఒడ్డున కాలేజీ పిల్లలు కొట్టుకుపోయారని పేపర్లో చదవాల్సి వస్తోంది. చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

మా పెద్దవాళ్ళకి సముద్రమంటే ప్రేమా ఉండేది, భయమూ ఉండేది. 1864 ఉప్పెనలో బందరు ఊరికి ఊరే మునిగిందని వాళ్ళ తాతల నోట విని పెరిగినవాళ్ళు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మా తరం కళ్ళారా చూసింది. సర్కారు లెక్క ప్రకారమే పది వేల మంది పోయారు. అంత జరిగాక కూడా కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగడి దర్శనం చేసుకుని మంగినపూడిలో మునక వేశారు మా వాళ్ళు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళి కృష్ణ సాగరంలో కలిసే చోట స్నానం చేశారు. నీళ్ళలోకి దిగే ముందు వంగి, ఆ నీళ్ళు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఇప్పుడు దిగేవాళ్ళ చేతిలో కర్ర, కర్ర చివర ఫోను.

సరే, పొద్దున్నే వెళితే ఏముంటుందో చెబుతాను వినండి. ఒడ్డుకి చేరేసరికి ఇంకా చీకటి. గాలి మన వీపు వెనక నుంచి, నేల మీంచి సముద్రం వైపుకి వీస్తూ ఉంటుంది. రాత్రంతా నేల చల్లబడుతుంది, నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, అందుకని తెల్లవారుజామున గాలి అటు పోతుంది. వేటకి పోయేవాళ్ళు ఆ గాలి పట్టుకునే తెరచాప ఎత్తేవాళ్ళు. మధ్యాహ్నానికి గాలి మళ్ళి సముద్రం మీంచి నేలకి వీచేటప్పుడు అదే చాపతో ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు. పైసా ఖర్చు లేని ఏర్పాటు. ఇప్పుడు గిలకలదిండి రేవు నుంచి ఇంజను పడవలు చప్పుడు చేస్తూ పోతున్నాయి. వాళ్ళని నేనేమీ అనను. రెక్కల కష్టం కాస్త తగ్గింది, దూరం పోగలుగుతున్నారు. కానీ తూరుపు తెల్లబడుతుండగా తెరచాపలు ఒకటొకటే లేచే దృశ్యం ఈ కాలం పిల్లలకి లేకుండా పోయిందే అని బాధ.

పొద్దు పొడవడం చూడటానికీ ఓపిక కావాలి. సూర్యుడు రోజూ ఒకే చోట లేవడు. నాన్న దీపస్తంభాన్ని గురుతుగా పెట్టి చూపించేవాడు. ధనుర్మాసంలో పొద్దు బాగా కుడికి, అంటే దక్షిణానికి జరిగి పొడుస్తుంది. సంక్రాంతి దాటాక కొంచెం కొంచెంగా ఎడమకి వస్తుంది. ఎండాకాలం నడిచేసరికి ఎంత దూరం వచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉత్తరాయణం అంటే ఏమిటో నాకు బళ్ళో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఒడ్డున నిలబడి నేర్చుకున్నాను.

చలికాలంలో పిట్టల సందడి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఉత్తరాన మంచు దేశాల నుంచి ఉల్లంకి పిట్టలు దిగుతాయి. సైబీరియా నుంచి వచ్చేవీ వాటిలో ఉంటాయి. పిడికెడంత పిట్ట అంత దూరం ఎగిరి మా ఊరు వచ్చిందంటే దానికి ఎంత మర్యాద చెయ్యాలి! అల వెనక్కి తగ్గగానే గుంపు గుంపంతా దాని వెంట పరుగెత్తుతుంది. తడి ఇసుకలో టకటకా ముక్కులు గుచ్చి పురుగుల్ని ఏరుకుంటుంది. తర్వాతి అల విరిగే లోపల అదే పరుగుతో వెనక్కి వస్తుంది. కాళ్ళు తడవనియ్యవు. కదలకుండా కూర్చుంటే మన పాదాల పక్క నుంచే పోతాయి. మార్చి, ఏప్రిల్ నాటికి తిరుగు ప్రయాణం. అప్పటిదాకా వాటికి తిండీ విశ్రాంతీ ఈ ఒడ్డే. అలాంటి గుంపులోకి కారు తోలి, పిట్టలన్నీ లేస్తుంటే వీడియో తీసుకున్న కుర్రాళ్ళని చూశాను. నెత్తీ నోరూ బాదుకున్నా వినలేదు.

నడిచేవాళ్ళ తీరూ మారింది. చెవుల్లో ఏవో దూర్చుకుని, చేతి గడియారంలో అడుగుల లెక్క చూసుకుంటూ, తల దించుకుని పోతారు. ఆరోగ్యానికి మంచిదే, కాదనను. కానీ అడుగులే కావాలంటే బెజవాడలో స్టేడియాలు లేవూ? ఆ మాటకొస్తే బెజవాడ వాళ్ళకి ఇంటి ముందే కృష్ణ ఉంది. 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టినప్పటి నుంచీ ఎగువన నిండుగా నీళ్ళు. 2016 పుష్కరాలకి ఘాట్లు బాగుచేశారు. పొద్దున ఆరింటికి ఆ మెట్ల మీద కూర్చుని నీటికాకులు మునిగి లేవడం చూసేవాళ్ళు ఎందరు?

మా రోజులే అన్నిటా గొప్పవని నేను వాదించను. తాబేళ్ళ సంగతి ఒకటుంది. జనవరి నుంచి మార్చి దాకా హంసలదీవి దగ్గర పాలకాయతిప్ప ఒడ్డుకి రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లారి వెళితే ఇసుక మీద ట్రాక్టరు టైరు నడిచినట్టు జాడ ఒకటి నీళ్ళలోంచి పైకి, ఒకటి తిరిగి నీళ్ళలోకి కనబడుతుంది. మధ్యలో కెలికి కప్పిన ఇసుక. దాని కింద వందకి పైగా గుడ్లు. ఆ తల్లి వెనక కాళ్ళతోనే గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్ళీ ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా పోతుంది. మా చిన్నప్పుడు ఆ గుడ్లని కుక్కలూ నక్కలూ తోడేసేవి, మనుషులూ తవ్వుకుపోయేవాళ్ళు. అడిగే నాథుడు లేడు. ఇప్పుడు అటవీ శాఖ వాళ్ళు గుడ్లు సేకరించి, కంచె కట్టిన చోట పాతిపెట్టి, నలభై అయిదు నుంచి అరవై రోజులకి పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదులుతున్నారు. వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. అరచేతిలో సగం కూడా ఉండని ఆ పిల్లలు ఎవరూ చెప్పకుండానే నీళ్ళ వైపు పాకుతుంటే చూసి తీరాలి.

చీకట్లో అవి వెలుతురు ఎక్కువున్న దిక్కుకి పోతాయి. పూర్వం ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు ఒడ్డున దీపాలు వెలిగితే దారి తప్పి ఊరి వైపు పోతాయి. తెల్లవారేసరికి కాకుల పాలు. తల్లులకీ చావు తప్పడం లేదు. ట్రాలర్ల వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు బయటపడే దారి ఉన్న వలలు ఉన్నాయి, అందరూ వాడాలి మరి. పోయిన చలికాలం అలాంటి జాడ పక్కన నేను నిలబడి ఉండగానే ఇద్దరు కుర్రాళ్ళు దాని మీంచే మోటారు సైకిలు తోలుకుపోయారు. ఆపి చెబితే, "ఇక్కడ తాబేళ్ళుంటాయా తాతగారూ?" అన్నారు. వాళ్ళ మీద కోపం అక్కడే పోయింది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించిన పెద్దవాళ్ళు వాళ్ళకి లేరు. ఆ తప్పు మా తరానిది. బందరు వదిలి బెజవాడ, హైదరాబాదు, అమెరికా పోయి, పిల్లలకి సముద్రాన్ని ఏసీ కారు అద్దంలోంచి చూపించిన వాళ్ళం.

2023లో బందరు పోర్టు పనులు మొదలయ్యాయి. ఊరికి పనులొస్తాయి, సంతోషమే. ఒడ్డు మారుతుంది, జనం పెరుగుతారు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. మనవలున్న వాళ్ళు ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక్క పొద్దున వాళ్ళని నిద్ర లేపండి. ముందు రోజే తిథి చూసుకోండి, పోటు వేళ కనుక్కోండి. మంగినపూడి అయినా హంసలదీవి అయినా బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళండి. పాటలొద్దు. తెచ్చిన ప్రతి కాగితం, ప్రతి సీసా తిరిగి తీసుకెళ్ళండి. తాబేలు పిల్లలు బయటికొచ్చే మే నెల వెళ్ళేదాకా చీకట్లో ఒడ్డున టార్చీలూ బండి దీపాలూ వెయ్యకండి, ఇసుకలో బండి దింపకండి.