పన్ను నోట్లో, వైద్యం కవర్లో

పిప్పి పన్ను పగలంతా బుద్ధిగా ఉంటుంది. రాత్రి మంచమెక్కి తల వాల్చాక మొదలుపెడుతుంది సలపడం. ఆ వేళకు పన్ను డాక్టరు షట్టరు దించేసి ఉంటాడు. మెడికల్ షాపులో మాత్రం లైటు వెలుగుతూ ఉంటుంది. మా కమలాపురంలో దంతవైద్యం అక్కడ మొదలవుతుంది. చాలామందికి అక్కడే ముగుస్తుంది కూడా.

"అన్నా, దవడపన్ను చంపుతాంది. మంచి పవరుండేది ఇయ్యి."

"ఒక పూటకా, రెండు పూటలకా?"

అయిపోయింది పరీక్ష. ఇంత వేగంగా రోగం తేల్చే ఆస్పత్రి ప్రపంచంలో ఎక్కడా లేదు. కత్తెర కచకచలాడుతుంది, చిన్న కాగితం కవర్లో మూడు రంగుల బిళ్లలు పడతాయి. యాంటీబయాటిక్ పట్టీ మీద ఎర్ర గీత కనిపిస్తే డాక్టరు చీటీ లేనిదే వాడొద్దని కేంద్ర ప్రభుత్వం 2016లో ఊరూరా ప్రచారం చేసింది. కత్తెర మహిమ ఏమంటే ఆ గీత, మందు పేరు, గడువు తేదీ మూడూ షాపులోనే ఉండిపోతాయి. బిళ్ల ఒక్కటే మనతో ఇంటికొస్తుంది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు అమ్మితే చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని బిళ్లలు ఇచ్చారో రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టరు మహా సిగ్గరి. తనిఖీ వాళ్లకు తప్ప ముఖం చూపించదు.

ఇంతకీ కవర్లో ఏముంది? ఒకటి నొప్పి బిళ్ల. ఇంకొకటి యాంటీబయాటిక్. ఈ రెండూ కడుపులో చేసే అల్లరికి గ్యాస్ బిళ్ల. మరి పన్నుకు? పన్నుకేమీ లేదు. లోపలి నరం వాచి సలుపుతుంటే యాంటీబయాటిక్ చేయగలిగింది ఏమీ లేదు. నరం చచ్చాక అక్కడికి రక్తమే పోదు, ఇక మందెట్లా పోతుంది? పన్ను తెరిచి శుభ్రం చేయాలి, లేదా పీకాలి. చేయాల్సిన వైద్యం అందుబాటులో ఉంటే, వేరే జబ్బుల్లేని పెద్దవాళ్లకు పంటి నొప్పికీ నోటి వాపుకూ చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలే ఇచ్చింది. అమెరికా వాళ్లకేం తెలుసు పాపం, రాత్రి పదింటికి "రా అన్నా" అని పలకరించే షాపు వాళ్లకు లేదాయె.

వాపు దవడ కిందికి, మెడకు దిగి, జ్వరమొచ్చి, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైతే అది వేరే సంగతి. అప్పుడు యాంటీబయాటిక్ కావాలి, ఆస్పత్రీ కావాలి, ఆ రాత్రే కావాలి. విచిత్రం చూడండి, సరిగ్గా అప్పుడే మనకు "పొద్దున చూద్దాంలే" అనే ఓపిక వస్తుంది.

ఇక కవర్లోని నొప్పి బిళ్ల విషయానికొస్తే, రాబందులు మనకన్నా అదృష్టవంతులు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువు చచ్చాక ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. దాంతో 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. 2023లో అసిక్లోఫెనాక్‌నూ కీటోప్రొఫెన్‌నూ అదే దారి పట్టించారు. పక్షి ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు, నిజమే. సరైన మనిషికి, సరైన మోతాదులో ఇవి మంచి మందులే. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు, కడుపులో పుండున్నవాళ్లు, నొప్పి బిళ్లతో ఆయాసం రేగేవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు మన వీధిలోనూ ఉన్నారు. రాబందు తరఫున మాట్లాడటానికి శాస్త్రవేత్తలున్నారు. కౌంటరు ముందు నిలబడ్డ మనిషి తరఫున ఎవరూ లేరు.

తప్పంతా షాపాయన నెత్తిన రుద్దితే గోడకు పట్టాలు తగిలించుకున్నవాళ్లు సంబరపడతారు. రోగి నోరు తెరవకముందే చీటీ రాసేసే చెయ్యి తిరిగిన డాక్టర్లు వాళ్లలోనూ ఉన్నారు. ఏ పన్నుకైనా అదే చీటీ, అవే అయిదు రోజులు. గుండె జబ్బుకు వార్ఫరిన్ వాడుతున్నవాడికి మెట్రోనిడజోల్ తగిలిస్తే రక్తం మరీ పలచబడి ఎక్కడ కారుతుందో తెలియదు. ఒకసారి పెనిసిలిన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచినవాడికి అదే జాతి అమాక్సిసిలిన్ ఇస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ అనే నొప్పి మందు వద్దని 2011లోనే ఉత్తర్వు వచ్చింది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సంగతైతే మనకు గర్వకారణం. ఆ వంశంలో మొదటి మందు ఆరియోమైసిన్‌ను 1948లో లెడర్లీ సంస్థ లోకానికిచ్చినప్పుడు అక్కడి పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ వాడితే వచ్చే పళ్లకు పసుపుపచ్చ, గోధుమ రంగు మరకలు పడి పోనే పోవు. తెలుగువాడి ఘనత పిల్లల పళ్ల మీదే కనబడాలన్న పట్టుదల ఉంటే తప్ప, వాళ్లకు ఇవ్వకపోవడం మేలు.

రోగి మాత్రం తక్కువ తిన్నాడా? చక్కెర జబ్బుందని చెబితే పన్ను పీకడం వాయిదా వేస్తారని నోరు మెదపడు. పక్కింటాయన చెప్పాడని గుండెకు వాడే ఆస్పిరిన్ తనంతట తానే ఆపేస్తాడు. పీకిన చోట కారే రక్తాన్ని దూదితోనో కుట్టుతోనో ఆపొచ్చు, గుండెలో కట్టిన గడ్డను అట్లా ఆపలేం. కవర్లోని నొప్పి బిళ్లలో పారాసెటమాల్ ఉన్న సంగతి తెలియక, ఒళ్లు వెచ్చబడిందని విడిగా ఇంకో పారాసెటమాల్ వేస్తాడు. పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదన్న లెక్క కాలేయానికే తెలుసు, అది నోరులేనిది. రెండో రోజు నొప్పి తగ్గగానే మిగిలిన బిళ్లలు బావమరిది కోసం అలమరలోకి చేరతాయి. "నాకు పనిచేసినాయిరా, నువ్వూ వేసుకో."

కడప రిమ్స్ ప్రాంగణంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కమలాపురం నుంచి బస్సెక్కినా రైలెక్కినా పోవచ్చు. కానీ పోతే పూట కూలి పోతుంది, కవరుకైతే చిల్లర చాలు. అట్లా చిల్లర చిల్లరగా ఏళ్ల తరబడి మందులు పోసి పెంచిన పన్ను చివరికి ఎట్లాగూ ఊడుతుంది. ఊడితే ఊడనీ, సంగటి ముద్ద నమలకుండానే దిగుతుందని మన ధైర్యం.

పెళ్లిచూపులకు పోతే గోత్రం, నక్షత్రం, మేనత్త మెట్టినూరు దాకా అడిగే జనం మనం. కడుపులోకి దిగే బిళ్ల పేరు అడగడానికి మాత్రం మొహమాటం. అడగండి. ఏం మందు, ఎందుకు, ఎన్నాళ్లు అని అడగండి. మీకున్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, కడుపులో బిడ్డ ఉంటే ఆ మాటా డాక్టరు అడక్కముందే చెప్పండి. చెబుతుంటే ఆయన విసుక్కుంటే బాధపడకండి, మీ పన్ను ఇంకా మీ నోట్లోనే ఉంది. దాన్ని తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు.