పిల్ల ఎర్రది కావాలంటే

మొదటి జాగ్రత్త: చీరల దుకాణానికి పెళ్లిపిల్లను తీసుకుపోవద్దు. కట్టుకునేది ఆమె కాబట్టి ఆమెకు పక్షపాతం ఉంటుంది. పక్షపాతం ఉన్నవాళ్లను పంచాయితీలో కూర్చోబెట్టడం పద్ధతి కాదు. అమ్మ, మేనత్త, పెద్దమ్మ, కారున్న బావ, "నాకేం తెల్వదు, మీ ఇష్టం" అంటూనే ప్రతి చీరకూ వంక పెట్టే చిన్నమ్మ. ఈ అయిదుగురు చాలు. బాన్సువాడలో పొద్దున్నే బయల్దేరితే నిజామాబాద్‌లో షట్టర్లు లేచే వేళకు చేరుకోవచ్చు. సికింద్రాబాద్ జనరల్ బజార్ దాకా పోతే ఇంకా మేలు. అంత దూరం పోయినంక ఉత్త చేతులతో రాలేరు గనుక సాయంత్రమయ్యేసరికి ఏదో ఒకటి ఖాయమవుతుంది.

దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చున్నాక చీర చూసే విధానం ఒకటుంది. సేల్స్ అబ్బాయి కొంగు తన భుజం మీద వేసుకుని, కుచ్చిళ్లు తన నడుముకు పట్టుకుని నిలబడతాడు. అతని మీద నప్పితే పిల్ల మీద నప్పినట్టే. పిల్ల చామనఛాయా, పచ్చనా, పొట్టా, పొడుగా అన్న వివరాలు తీయొద్దు. అనుమానం మిగిలితే వీడియో కాల్ చేయండి. ఆ లైట్ల కింద మెరూన్ నల్లగా, నారింజ ఎర్రగా అవుపిస్తాయి. "గదేం రంగమ్మా?" అని పిల్ల అడిగే లోపల సిగ్నల్ పోతుంది. దాన్ని ఒప్పుకోలు కింద రాసుకోండి.

ఇంత చేసినా కొందరు పిల్లలు ముందే ఫోన్‌లో ఫొటో దాచుకుని తయారుగా ఉంటారు. "నాకు నిండు ఎరుపు లెహంగా కావాలె. లగ్గానికే, రిసెప్షన్‌కు కాదు." కంగారు పడొద్దు. "మనోళ్లల్ల లగ్గానికి గట్ల ఎవరు కట్టుకున్నరు బిడ్డా?" అని నెమ్మదిగా అడగండి. మనోళ్లంటే ఎవరెవరో మాత్రం లెక్క తీయకండి.

ఆ లెక్క బయటపడకుండా ఉండాలంటే చర్చ నడుస్తున్నన్ని రోజులు పిల్లను బస్టాండు వైపు పంపకూడదు. మాఘమాసంలోనో వైశాఖంలోనో అక్కడ అరగంట నిలబడితే చాలు, మీ వాదం చెడుతుంది. తండాల నుంచి లంబాడా ఆడబిడ్డలు దిగుతారు. అద్దాలు కుట్టిన ఎర్ర బట్టలు వాళ్లకు తరతరాలవి, ఏ సినిమా చూసీ నేర్చుకున్నవి కావు. ముస్లింల ఇళ్లలో నికాహ్ జోడాకు ఎరుపంటే ఎప్పటినుంచో పెద్దపీట. హైదరాబాద్ ఆరు గజాల ఖడా దుపట్టా కోసం పత్తర్‌గట్టికి పోయొచ్చిన సంచులు అదే బస్సులో ఉంటాయి. మద్నూర్ దాటి దెగ్లూర్ వైపు చుట్టరికాలున్న మరాఠీ ఇళ్లలో పెళ్లికూతురికి పసుపుపచ్చ చీర, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. చర్చి పెళ్లిలో తెల్లచీర. నిజాంసాగర్ నీళ్లు పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి వర్ని, రుద్రూరు చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నవాళ్ల ఇళ్లలో ముహూర్తానికి ఎర్రంచు తెల్ల మధుపర్కాలు. వీళ్లంతా మన ఊరివాళ్లే, మన వడ్ల కాంటా దగ్గర కలిసేవాళ్లే. కాబట్టి పిల్లను ఇంట్లోనే ఉంచండి.

తెలుపు మాట వచ్చింది గనుక దాని సంగతీ చూసుకుందాం. ఎరుపును ఆపబోతే కొందరు పిల్లలు అవతలి వైపు దూకి "సరే, తెల్లది కడత" అంటారు. వెంటనే "అయ్యో, ముండమోపి రంగు" అని చెవులు మూసుకోండి. అప్పుడే క్యాంపు నుంచి వచ్చిన వియ్యపురాలు పక్కన కూర్చుని ఉంటే మటుకు నోరు జారొద్దు. ఆమె తెల్ల మధుపర్కంలోనే పుస్తె కట్టించుకుంది, పసుపుకుంకుమలతో నిండుగా ఉంది. 2024 డిసెంబరు 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో నాగచైతన్యతో పెళ్లికి శోభిత ధూళిపాళ బంగారు జరీ పట్టుచీరతో పాటు పొందూరు ఖద్దరులో తెల్లచీర కూడా నేయించుకుంటోందని వార్తలొచ్చాయి. ఈ సమాచారం పిల్లకు తెలిసే ఉంటుంది. మీకు తెలుసన్న సంగతి ఆమెకు తెలియనీయకండి.

విదేశాల ఊసు ఎత్తడం ఇంకా ప్రమాదం. తెల్లగౌను క్రైస్తవ పెళ్లిళ్లకు సృష్టి మొదటినుంచీ ఉన్నదని అనుకుంటాం. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల పట్టుగౌనులో పెళ్లి చేసుకున్నాకే అది అక్కడి ఫ్యాషన్ల పుస్తకాలకెక్కింది. అంతకుముందు అక్కడ చాలామంది తమ దగ్గరున్న వాటిల్లో మంచి గౌను, ఏ రంగుదైతే ఆ రంగుది, వేసుకుని చర్చికి పోయేవాళ్లు. ఇప్పుడు అక్కడ ఎవరైనా ఎర్రగౌను కావాలంటే "మనవాళ్లలో ఎవరు వేశారు?" అని అడిగే మేనత్తలు ఆ దేశంలోనూ ఉండే ఉంటారు. చైనాలో పెళ్లికూతురు ఎరుపు కట్టకపోతే నొచ్చుకునే మేనత్తలు ఉంటారు. మేనత్తలను కలవనీయకుండా చూసుకోవాలి.

పురోహితుణ్ని అసలే అడగొద్దు. శాస్త్రం ఎక్కడ మన పక్షాన నిలబడదోనన్న భయం కొద్దీ చెప్తున్నాను. తెలుగు పురోహితుల్లో చాలామంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం పెళ్లికూతురికి స్నానం చేయించి, వాడని కొత్త బట్ట కట్టించమంటుంది. కొత్తదై ఉండాలన్నదే దాని పట్టింపు. అయ్యగారు ఆ మాట గనుక పిల్ల ముందర అన్నారంటే మీ పని అయిపోయినట్టే. "శాస్త్రం ఒప్పుకోదు" అని మీరే చెప్పేయండి. ఏ శాస్త్రమని పిల్ల అడిగితే, ఈ కాలం పిల్లలకు పెద్దలంటే లెక్కలేదని దుకాణం అయిదుగురితో కలిసి బాధపడండి.

ఇక నలుపు. బాన్సువాడలో ఈ రంగు అడిగిన పిల్లను నేనింకా చూడలేదు గానీ ముందుజాగ్రత్త మంచిది. నలుపు అశుభం, అందులో రెండో మాట లేదు. పుస్తెల పక్కన మెళ్లో వేసే నల్లపూసలు మాత్రం శుభం. బుగ్గన పెట్టే దిష్టిచుక్క శుభం. కంటి కాటుక శుభం. రిసెప్షన్‌లో అల్లుడు తొడిగే నల్ల సూటు మరీ శుభం, అది పెట్టింది మనమే. ఎరుపు విషయమూ ఇంతే: నుదుట కుంకుమగా, కాళ్లకు పారాణిగా రావొచ్చు, మధ్యలో నడుము దగ్గరికి రాకూడదు. ఇది ఎందుకని అడిగేవాళ్లకు సమాధానం లేదు, అందుకే గొంతు పెంచే ఏర్పాటు ఉండాలి. అల్లుడి రంగు గురించి ఎవరూ చర్చించరని కూడా గమనించే ఉంటారు. అతను మెరూన్ షేర్వాణీ వేసుకుని గుర్రమెక్కినా, నెమలికంఠం రంగు బ్లేజర్‌లో బరాత్‌లో తీన్మార్ ఆడినా సంప్రదాయం చెక్కుచెదరదు.

పెళ్లికి ముందు మూడు రోజులు మీరు కళ్లు మూసుకోవాల్సి ఉంటుంది. హల్దీ అని ఒకటి పెడతారు, ఇంటిల్లిపాదికీ పసుపుపచ్చ. మెహందీకి ఆకుపచ్చ. సంగీత్‌కు మెరిసేది ఏదైనా. ఇవి మన నాయనమ్మలకు పేరు కూడా తెలియనివే, అయినా డీజేకు అడ్వాన్స్ ఇచ్చేశాం కాబట్టి సంప్రదాయమే. ప్రీవెడ్డింగ్ షూట్ సంగతి మరీ ముఖ్యం. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ గేట్ల ముందర, పది గజాల తోక ఉన్న ఎర్రగౌను వేసి, ఆ తోకను ఫొటోగ్రాఫర్ అసిస్టెంటు గాల్లోకి ఎగరేస్తుంటే, అదే పిల్ల అదే ఎరుపులో పరుగెత్తుతుంది. ఆ ఫొటోను మీరే ఫ్లెక్సీ చేయించి ఫంక్షన్‌హాలు గేటుకు కట్టిస్తారు. ఎవరైనా అడిగితే "అది కిరాయిది" అని చెప్పాలి. కిరాయి బట్టలకు ఆచారం వర్తించదు.

రంగు మీద గెలవలేకపోతే ధర మీదికి పోవాలి. కళ్యాణలక్ష్మిని ఇక్కడ తేవొచ్చు. 2014 అక్టోబరులో 51 వేలతో మొదలై, 75,116 అయ్యి, 2018లో 1,00,116 రూపాయలకు చేరింది. సర్కారు కూడా నూటపదహార్లు కలిపే ఇస్తుందంటే ఆచారం ఎంత గట్టిదో పిల్లకు వివరించండి. చాలా ఇళ్లల్లో చెక్కు చేతికందేది పెళ్లయిన తరువాతేనన్న ముక్క చెప్పకండి. ఎర్ర లెహంగాకు పైసలు లేవనండి. ఆ వెంటనే మీరు కొన్న చీరకు జాకెట్ మగ్గం వర్క్ ఖర్చు ఎవరి దగ్గర చేబదులు తేవాలో మాట్లాడుకునేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకోండి.

ఒకవేళ ఓడిపోయారనుకోండి. లెహంగాకు ఒప్పుకోవాల్సి వచ్చింది. నిరాశ వద్దు, ఓటమిలోనూ చేయగలిగింది చాలా ఉంది. మన దగ్గర యాసంగి వడ్లు కాంటా అయ్యి, పైసలు ఖాతాలో పడ్డాకే చాలా లగ్గాలు పెట్టుకుంటారు. అంటే ఎండలు 44 డిగ్రీలు దాటే రోజులు. కాబట్టి మఖమలు కొనండి. లోపల క్యాన్‌క్యాన్, పైన రాళ్లు, అద్దాలు, బరువు పిల్ల నడుము మీద. పట్టులోనో నూలులోనో ఎరుపు దొరకదా అంటే, దొరుకుతుంది. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరలున్నాయి, ఎండకు హాయిగా ఉంటాయి, ఎరుపులోనూ వస్తాయి. నారాయణపేటలోనూ నేస్తారు. ఈ దారి చూపించారంటే పిల్ల కోరిక తీరుతుంది, మీ చీర పట్టుదల నిలుస్తుంది, ఇద్దరూ గెలుస్తారు. అట్లాంటి పరిస్థితి రానీయకూడదు.

ఫొటోగ్రాఫర్‌కు రంగు ముందుగా చెప్పొద్దు. డిజిటల్ కెమెరాకు నిండు ఎరుపు మొండిరంగు. వెలుగు కొంచెం ఎక్కువైనా ఆ ఎరుపులో ఉన్న బుటాలు, మడతలు, జరీ అన్నీ కలిసిపోయి ఒక్క మచ్చగా పడుతుంది. తెలిసిన కుర్రాడైతే కాస్త వెలుగు తగ్గించి, రా ఫైల్‌లో తీసుకుంటాడు, తరువాత రంగు సరిచేసుకుంటాడు. అందుకే తెలియనీయొద్దు. పైగా మండపం వెనకాల ఎర్ర పూల డెకరేషనూ ఎర్ర లైట్లూ పెట్టించండి. ఆల్బంలో మెడ పైన ఒక ముఖం, కింద ఒక డెకరేషన్ కనిపిస్తాయి. "చూసినవా, ఎర్రది వద్దంటే విన్నవా?" అని ఇరవై ఏళ్లు అనుకోవడానికి పనికొస్తుంది.

పిల్ల తెల్ల మధుపర్కానికే ఒప్పుకుని, ఎరుపు మీద మనసు మాత్రం చంపుకోలేదంటే ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. తలంబ్రాల పసుపు చీర నిండా పడుతుంది కదా. మర్నాడు ఆ చీరను బట్టల సబ్బు పెట్టి గట్టిగా రుద్దండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి పెద్దమ్మకూ తెలుసు. సబ్బులోని క్షారం కూడా అదే పని చేస్తుంది. ఎక్కడెక్కడ తలంబ్రాలు పడ్డాయో అక్కడక్కడ ఎరుపు తేలుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపుపచ్చ అవుతుందనీ, ఉత్త నీళ్లలో జాడించి ఎండలో ఆరేస్తే పసుపు మెల్లగా వెలిసిపోతుందనీ చెప్పి పిల్ల సంబరం చెడగొట్టొద్దు.

పెళ్లయ్యాక చీరో లెహంగానో బీరువాలో అట్టడుగున, కవర్ తీయకుండా, జరీకి తగిలేటట్టు కలరా ఉండలు వేసి దాచండి. విప్పి మడత మార్చకండి. నాలుగేళ్లకు జరీ నల్లబడి, మడతల దగ్గర పట్టు చిట్లుతుంది. మిగతా పెళ్లిళ్లకు కట్టుకుంటానని పిల్ల అంటే "లగ్గం చీర ఉట్టిగ కడతరా?" అని గద్దించండి. సమంత తన పెళ్లినాటి తెల్లగౌనును 2024లో నల్ల డ్రెస్సుగా మార్పించి వేసుకుంది. అట్లాంటివి చూసి మన పిల్లలు కత్తెర పట్టుకుంటారేమోనని బీరువా తాళంచెవి బొడ్లో పెట్టుకోవడం మంచిది.

చివరిగా ఒక ఇబ్బంది. ఈ మధ్య పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మీరు ఇంకా దుకాణానికి ఎవరెవరు పోవాలో తేల్చుకుంటుండగానే తన జీతంతో ఆర్డర్ పెట్టేస్తుంది. పార్సిల్ నేరుగా బాన్సువాడ ఇంటికే వస్తుంది. అప్పుడు మీరు వాకిట్లోకి ఎదురుపోయి, ఇక్కడ అట్లాంటి పిల్ల ఎవరూ లేదని డెలివరీ పిల్లగాన్ని గట్టిగా తిప్పి పంపించేయాలి. వాడు ఓటీపీ అడుగుతాడు, చెప్పనని మొండికేయండి. వాడు మీ ముఖం చూసి, పిల్లకు ఫోన్ కలుపుతాడు. ఓటీపీ వచ్చింది ఆమె ఫోన్‌కే.